చిల్లర బాకీ

హొరమావు మూడో మెయిన్‌లో
నీళ్ల ట్యాంకరు వెళ్లాక మిగిలిన తడి దాటుకుంటూ
చౌడేశ్వరికి ఫ్లాటు చూపించాను.
డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, ఖాకీలోనే,
భుజాన తోలుసంచి.
వంటింటి కుళాయి తిప్పి చూసింది.
బాల్కనీలో నిలబడి
రింగురోడ్డు మీద పోయే బస్సు నంబరు
ఇక్కణ్ణించే చదివింది.
"లోను దొరికిందన్నా," అంది.
"మా డిపో డ్రైవరు బామ్మర్ది ఉన్నాడు ఆ కంపెనీలో."

ఆ కంపెనీ పేరు నేనెన్నడూ వినలేదు.

పదహారేళ్లుగా బ్రోకరుని. ఒకసారి కాలింది నాకు.
హెణ్ణూరు ఫార్మసిస్టు ఒకాయన
రిజిస్ట్రేషను రోజున ఆఫీసు మెట్ల మీద
మూడున్నర దాకా చెక్కు కోసం కూచున్నాడు.
టోకెను నంబరు పిలిచారు, దాటిపోయారు.
చెక్కు ఆ రోజూ రాలేదు, ఆ నెలా రాలేదు.
ఆయనిచ్చిన అడ్వాన్సు
అమ్మినవాడి కూతురి కాలేజీ ఫీజైపోయింది.
నా కమిషనూ పోయిందనుకోండి,
అది దాస్తే ఈ మాటలకు అర్థం లేదు.

అందుకే విచారిస్తాను.
వడ్డీ ఎంతని అడగను, అది బోర్డు మీదే ఉంటుంది.
శనివారం సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేస్తాను,
ఎన్నో మోతకు ఎత్తుతారో చూద్దామని.
సంతకం ఇక్కడా, ముంబైలోనా?
నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు సరే,
నోరొక ఊళ్లో, సంతకమొక ఊళ్లో ఉంటే?
మంజూరు కాగితం అడుగున
చీమల బారుల్లాంటి అక్షరాల్లో
"లోబడి" అన్న మాట ఎన్నిసార్లుందో లెక్కపెడతాను.
చౌడేశ్వరి కాగితంలో నాలుగు.

అన్నిటికన్నా గట్టి సాక్షి గుండప్ప.
సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట
జిరాక్సు కొట్టు పక్కన దస్తావేజులు రాస్తాడు.
ఎవరి చెక్కు భోజనానికి ముందొస్తుందో,
ఎవరిది వచ్చీ పేరులో అక్షరం తప్పుతుందో
అన్నీ ఆయన వేళ్ల మీదుంటాయి.
కాఫీ రెండు గుటకలు తాగి అన్నాడు:
"చిన్న కంపెనీ. మాటకు నిలబడతారు.
ఆ పిల్లాడు పదకొండింటికే వచ్చి కూచుంటాడు,
పెన్ను కూడా సొంతంగా తెచ్చుకుంటాడు."

సరే, ఆఖరి పరీక్షని
ఆ పిల్లాడికే ఫోన్ చేశాను.
రెండో మోతకే ఎత్తాడు. పేరు తిప్పేస్వామి.
అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా చెప్పాడు,
ప్రాసెసింగు ఫీజు వెనక్కి రాదని
నేనడక్కముందే చెప్పాడు.
ఆ తర్వాత,
"సార్, నేనొకటి అడగొచ్చా?
ప్లానులో మూడంతస్తులే ఉన్నాయి.
మీరు నాలుగోది ఎలా అమ్ముతున్నారు?"

పైన ఫ్యాను తిరుగుతోంది.
తెలీదని కాదు.
"అందరూ కట్టేదే కదా" అని బిల్డరు అన్న రోజు
నేను టీ గ్లాసులోకి చూశాను.
ఎవరో ఒకరు అప్పిస్తారులే అనుకున్నాను.

"మేము ఇవ్వలేం సార్.
మేడమ్‌కి సోమవారం చెబుతాను.
ఈలోపు మీరే చెబితే బాగుంటుందేమో."

ఫోను పెట్టేశాక ఒక్కటే ఆలోచన:
నా గురించి ఎవరైనా అడిగితే
గుండప్ప ఏమంటాడు?

ఆదివారం బాణసవాడి స్టాపులో
రెండు ట్రిప్పుల మధ్య దొరికింది.
చెప్పాను. తిట్టలేదు, అదే కష్టమైంది.
టోకెను యాభై వేలలో
బిల్డరు విదిల్చింది ముప్ఫై.
నోట్లు పొడుగ్గా మడిచి
వేళ్ల సందుల్లో దోపి లెక్కపెట్టుకుంది.
"నీ కార్డొకటి ఇయ్యన్నా."
నా విజిటింగు కార్డు వెనక
ఇరవై వేలని అంకెలేసి, చుట్టూ సున్న చుట్టి
సంచిలో వేసుకుంది,
చిల్లర లేనప్పుడు టికెట్టు వెనక
తను రాసిచ్చినట్టే.

"దిగేలోపు అడుగుతా," అంది.
ఫుట్‌బోర్డెక్కి మళ్లీ వెనక్కి తిరిగింది:
"ఆ తిప్పేస్వామి నంబరు దాచిపెట్టు.
ఈసారి ఇల్లు ముందు ఆయనకు చూపించు,
తర్వాత నాకు."

రైట్, రైట్.